మెతుకు, కూలి, విశ్వాసం: మెదక్ ఆంగ్ల మిషన్ ఆవాసం లేవనెత్తిన నైతిక ప్రశ్న

ప్రశ్న స్వరూపం

ఆకలిగొన్న మనిషికి అన్నం పెట్టడం ధర్మమని చెప్పని సంప్రదాయం లేదు. అయితే పెట్టేవాడు పరాయి దేశం నుంచి వచ్చి ఇక్కడ నిలదొక్కుకోదలచినవాడు కావచ్చు. తినేవాడు ఊరి వెలుపలి వాడలో అంటరానితనం అనుభవిస్తున్నవాడు కావచ్చు. పెట్టిన అన్నానికి బదులు రాళ్లు మోసే పని ఉండవచ్చు. ఆ రాళ్లతో లేచిన కట్టడం పెట్టినవాడి దేవుడి ఆలయమే కావచ్చు. ఇవన్నీ ఒకచోట కలిసినప్పుడు జరిగినదాన్ని దానమనాలా, కూలి అనాలా, బేరమనాలా అన్నది సులువుగా తేలే విషయం కాదు. మెదక్ పట్టణంలోని కెథడ్రల్ నిర్మాణ చరిత్ర ఈ ప్రశ్నను స్పష్టంగా ముందుకు తెస్తుంది.

కొండమీద కాకతీయుల నాటి దుర్గం ఉన్న ఈ ఊరికి సిద్ధాపురం, గుల్షనాబాద్ అనే పాతపేర్లున్నాయి. ‘మెతుకు’ శబ్దమే మెతుకుదుర్గమై, మెతుకుసీమయై, మెదక్‌గా మారిందని స్థానికంగా చెప్పుకునే వ్యుత్పత్తి. దాని భాషాశాస్త్ర ప్రామాణ్యం ఎలా ఉన్నా, అన్నపు మెతుకును ఊరి పేరుగా ధరించిన చోటనే మెతుకుకు, విశ్వాసానికి మధ్యగల సంబంధం వివాదాస్పదం కావడం గమనార్హం. కరువుకాలంలో తిండి పెట్టి కట్టించిన చర్చిగా మెదక్ కెథడ్రల్ ప్రసిద్ధి పొందింది. ఈ ఒక్క వాక్యాన్నే కొందరు కృతజ్ఞతతో చెబుతారు, మరికొందరు ఆక్షేపణగా చెబుతారు. రెండు ఉచ్చారణల వెనుకనున్న నైతిక భావనలను విడదీసి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆవాస స్థాపన, తొలి కష్టాలు

తెలుగునేలపై ఆంగ్లేయుల ఆవాసాలు మూడు విధాలుగా ఏర్పడ్డాయి. మొదటిది వర్తక ఆవాసం. 1611లో మచిలీపట్నం చేరిన ఈస్టిండియా కంపెనీవారు గోల్కొండ రాజ్యంలో వస్త్ర వ్యాపారం మొదలుపెట్టారు. స్థానిక అధికారులతో తగాదాలు, డచ్చివారి పోటీ భరించలేక 1626లో నెల్లూరు సీమలోని దుర్గరాజపట్నంలో మరో స్థావరం వెతుక్కున్నారు. రెండవది సైనిక ఆవాసం. 1798 నాటి సైన్యసహకార సంధి ఫలితంగా నిజాం రాజ్యంలో నిలిచిన ఆంగ్ల సేనకు నివాసంగా 1806లో సికిందరాబాదు వెలసింది. మూడవది మిషన్ ఆవాసం. అది వర్తకుల వలె సరుకు కొనలేదు, సైన్యం వలె తుపాకి పట్టలేదు. బడి, వైద్యశాల, ప్రార్థనామందిరం దాని సాధనాలు.

ఈ మూడవ విధం మిగిలిన రెండింటితో సంబంధం లేకుండా పుట్టలేదు. 1880 ప్రాంతంలో విలియం బర్జెస్ సికిందరాబాదు కేంద్రంగా వెస్లియన్ మెథడిస్టు మిషన్ పనిని ఆరంభించాడు. 1895లో వచ్చిన చార్లెస్ వాకర్ పాస్నెట్ మొదట తిరుమలగిరి దండులోని ఆంగ్ల సైనికుల మధ్య మతసేవ చేశాడు. ఆ పని తృప్తినివ్వక పల్లెల వైపు మళ్లి, ఆ దశాబ్దం ముగిసేలోపే మెదక్‌ను తన స్థావరం చేసుకున్నాడు. అప్పటి మెదక్‌కు రైలు లేదు. గుర్రం మీదనో, ఎడ్లబండి మీదనో రావాలి. పట్టణానికి రైలు వచ్చింది 2022లో అన్న సంగతి గుర్తుచేసుకుంటే ఆనాటి ప్రయాణాల దూరం అర్థమవుతుంది. భాష కొత్తది, ఎండ కొత్తది. నేల నిజాం ప్రభువుది, ఊళ్లమీద పెత్తనం దేశముఖులది. అనుమతి ఉంటే తప్ప నిలువలేని స్థితి. 1899–1900 నాటి కరువు దక్కనును కుదిపింది. ఇటువంటి పరిస్థితుల మధ్య బంగళా, బడి, వైద్యశాల, ప్రచారకుల శిక్షణ కలిసిన ఆవరణ ఒకటి అక్కడ రూపుదిద్దుకుంది.

ఆ ఆవాసానికి శిఖరప్రాయమైన కెథడ్రల్ నిర్మాణం 1914లో మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠతో ముగిసింది. థామస్ ఎడ్వర్డ్ హార్డింగ్ దాని వాస్తుశిల్పి. నూరు అడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు, 175 అడుగుల శిఖరం, ఐదువేలమంది కూర్చోగల విశాలత దాని కొలతలు. నేలపై పరచిన మొజాయిక్ పలకలు బ్రిటన్ నుంచి వచ్చాయి. ఆ పదేళ్లలోనే మొదటి ప్రపంచయుద్ధం, ధరల పెరుగుదల, 1918లో వానల వైఫల్యం, దానివెంటనే విషజ్వరం దక్కను పల్లెలను వరుసగా దెబ్బతీశాయి. చుట్టుపక్కల పల్లెల జనం నిర్మాణపు పనికి వచ్చి, ఆ పనివల్ల తిండి సంపాదించుకుని కరువు గట్టెక్కారు. చర్చి శిఖరం చార్మినారు కన్నా ఎత్తు కారాదని నిజాం ఆంక్ష పెట్టాడన్నది జనశ్రుతి. అది నిజమైనా కాకపోయినా ఒక సంగతి చెబుతుంది. ఆ ఆవాసం ఎంత పెద్దదైనా మరొకరి రాజ్యంలో ఉన్న అతిథేనన్న స్పృహ జనంలో ఉండేది.

రెండు వాదాలు, ఒకే లోపం

ఈ చరిత్రను చూసే దృష్టులు ప్రధానంగా రెండు. మొదటిదాన్ని కృతజ్ఞతావాదం అనవచ్చు. ప్రభువులూ, పెత్తందారులూ పట్టించుకోని జనానికి పరాయివాడు పని చూపించి బతికించాడు, కాబట్టి అతడు మహోపకారి అన్నది దీని సారం. రెండవది అనుమానవాదం. ఆకలిని ఆసరా చేసుకుని ఆవాసం వేళ్లూనింది, తిండి ఆశతో జనం మతం మారారు, కాబట్టి ఆ విశ్వాసం నిజమైనది కాదు అన్నది దాని సారం.

పైకి విరుద్ధంగా కనిపించే ఈ రెండింటిలోనూ కర్త ఒక్కడే. కృతజ్ఞతావాదంలో మిషనరీ రక్షించాడు, జనం రక్షింపబడ్డారు. అనుమానవాదంలో మిషనరీ వలవేశాడు, జనం చిక్కుకున్నారు. మోసినవాళ్లు, చెక్కినవాళ్లు, సున్నం నూరినవాళ్లు రెండుచోట్లా కర్మకారకంగానే మిగిలారు. వారికి ఆలోచన ఉన్నట్టుగానీ, ఎంపిక ఉన్నట్టుగానీ ఈ వాదాలు ఒప్పుకోవు. ఉపకారిని స్తుతించే ఉత్సాహంలోనూ, కుట్రను బయటపెట్టే ఉత్సాహంలోనూ పేదవాడి మనస్సు లెక్కలోకి రాకపోవడం ఒకే రకమైన అగౌరవం. కనుక అసలు ప్రశ్నను ఇలా మార్చి వేయవలసి ఉంది: ప్రాణావసరం ముందు నిలిచిన మనిషికి స్వేచ్ఛ మిగులుతుందా? మిగిలితే, దాన్ని కాపాడే బాధ్యత ఎవరిది?

ఉషస్తి గీసిన గీత

ఈ ప్రశ్న భారతీయ చింతనకు కొత్తది కాదు. ఛాందోగ్యోపనిషత్తులోని ఉషస్తి చాక్రాయణుని కథ దీనికి సూటిగా సంబంధించినది. కురుదేశంలో పంటలు దెబ్బతిన్నాయి. ఉషస్తి ఒక మావటివాడి దగ్గర అతడు తింటున్న ఉలవల వంటి ముతకధాన్యాన్నే అడిగి, ఎంగిలైనా పుచ్చుకుని తిన్నాడు. తరువాత మావటి నీళ్లు ఇవ్వబోగా ఎంగిలి నీళ్లు తాగనన్నాడు. ధాన్యం ఎంగిలి కాదా అని అడిగితే, అది తినకపోతే బతకను, నీళ్లు మాత్రం కావాలనుకుంటే వేరేచోట దొరుకుతాయని సమాధానమిచ్చాడు.

శుచి నియమాల చర్చగా కనిపించే ఈ కథలో లోతైన నైతిక వివేచన ఉంది. అవసరం మనిషిని పూర్తిగా ఆక్రమించదు. దానికొక హద్దు ఉంది. ఆ హద్దు లోపల చేసినది ఆపద్ధర్మం, హద్దు దాటిన తరువాత చేసేది ఎంపిక. ధాన్యం విషయంలో ఉషస్తికి స్వేచ్ఛ లేదు, నీళ్ల విషయంలో ఉంది. తనకున్న కొద్దిపాటి స్వేచ్ఛను అతడు వదులుకోలేదు. మావటివాడు కూడా ‘నీళ్లు తాగితేనే ధాన్యం’ అనలేదు. ఉషస్తి స్వేచ్ఛ నిలిచింది అతని పట్టుదల వల్ల ఎంతో, మావటివాడు ధాన్యాన్నీ నీళ్లనూ ముడిపెట్టకపోవడం వల్ల అంతే. ఉపనిషత్కథ పేరు కూడా చెప్పని ఆ మావటి, దాతకు ఉండవలసిన మర్యాదకు మంచి ఉదాహరణ.

మహాభారతం శాంతిపర్వంలోని విశ్వామిత్రుని కథ దీనికి మరో కోణం. పన్నెండేళ్ల కరువులో ఆ మహర్షి చండాలుని ఇంట కుక్కమాంసం కోసం చేయి చాచాడు. చండాలుడే ధర్మం గుర్తుచేసి వారించాడు. ప్రాణం నిలిస్తే ధర్మం ఆచరించవచ్చునని ఋషి వాదించాడు. ఆపద్ధర్మ చర్చలో ఈ కథకు గౌరవస్థానమే ఉంది. విశ్వామిత్రుని తపస్సు ఆకలితో కల్తీ అయిందని ఎవరూ అనలేదు. కానీ అదే కరువులో అదే చండాలుని సంతతిగా సమాజం చూసిన మాల, మాదిగలు తిండి దొరికినచోటికి వెళితే మాత్రం వారి మనస్సును అనుమానించడం ఆచారమైంది. ఋషికి ఇచ్చిన ఆపద్ధర్మపు వెసులుబాటు వెట్టివాడికి ఎందుకు లేకపోయిందన్నది అనుమానవాదం సమాధానం చెప్పవలసిన ప్రశ్న.

ఇక్కడ కొలతబద్దలోని తేడాను గమనించాలి. రాజులిచ్చిన అగ్రహారాలు పుచ్చుకుని వారికి ఆశీర్వచనం పలికిన పండితుల భక్తిని కొనుగోలు భక్తి అని చరిత్ర సాధారణంగా అనదు. ఈనాము భూములు అనుభవిస్తూ గుడికి సేవ చేసినవారి విశ్వాసాన్నీ శంకించదు. జీవనాధారం, విశ్వాసం కలిసి ఉండటం అన్ని వర్గాలలోనూ ఉన్నదే. పేదవాడి విషయంలో మాత్రమే అది నేరమైతే, ఆక్షేపణకు మూలం మతచింతన కాదని, కులచింతన అని గ్రహించక తప్పదు.

ఒంగోలు ఉదాహరణ: విడదీసిన కాలం

ఉషస్తి గీసిన గీతను ఆచరణలో పాటించిన సందర్భం తెలుగునేల మీదనే ఉంది. 1876–78 మహాకరువులో ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంతభాగాన్ని కాంట్రాక్టు పుచ్చుకున్నాడు. వేలాది కూలీలకు, ముఖ్యంగా మాదిగలకు, అక్కడ పని దొరికింది. కరువు సాయం జరుగుతున్నంతకాలం మాత్రం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వరాదని అతడు నియమం పెట్టుకున్నాడు. అడిగినవారిని కూడా ఆగమన్నాడు. సాయం ముగిసిన తరువాతనే ఆ నియమాన్ని సడలించాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఈ ఘటనను సంఖ్య కోసం తలచుకోవడం పరిపాటి. నైతిక విచారణకు మాత్రం సంఖ్యకన్నా ముందునాటి విరామం ముఖ్యం. ధాన్యానికీ నీళ్లకూ మధ్య మావటివాడు ఉంచిన ఎడం వంటిదే ఆ విరామం. పని ముగిసింది, కూలి ముట్టింది, ఇక ఎవరికీ ఎవరూ బాకీ లేరు. ఆ తరువాత వచ్చినవారు తమ కాళ్లమీద తాము నడిచి వచ్చినట్టే లెక్క.

దీనికి ఒక బలమైన ఆక్షేపణ ఉంది. బాకీ తీరినా కృతజ్ఞత తీరదు. ఫ్రెంచి సామాజికశాస్త్రవేత్త మార్సెల్ మౌస్ 1925లో ప్రచురించిన దానమీమాంసలో నిరూపించజూసింది ఇదే. ఏ సమాజంలోనూ ఉచితమైన కానుక లేదు, పుచ్చుకోవడంలోనే తిరిగి ఇవ్వవలసిన బాధ్యత ఇమిడి ఉంటుంది. ఆ లెక్కన కరువులో ఆదుకున్నవాడి మతం స్వీకరించడం ప్రతిదానం మాత్రమే కాదా?

ఈ ఆక్షేపణలో నిజముంది, కానీ అది చూపే పర్యవసానం నిలువదు. మనిషి విశ్వాసాలు శూన్యంలో పుట్టవు. తల్లి చెప్పిన కథ వల్ల, గురువు చూపిన ఆదరణ వల్ల, మిత్రుని మాట వల్ల పుడతాయి. ఆపదలో ఎవరు నిలిచారు, ఎవరు ముఖం తిప్పుకున్నారు అన్నది ఒక ధర్మం విలువను అంచనా వేయడానికి మనిషికి దొరికే గట్టి సాక్ష్యాలలో ఒకటి. ఆ సాక్ష్యాన్ని ఆధారం చేసుకుని నిర్ణయం తీసుకోవడం వివేకం అవుతుందే తప్ప అమ్ముడుపోవడం కాదు. కృతజ్ఞత కారణంగా పనిచేసినప్పుడు స్వేచ్ఛ చెడదు. అది షరతుగా మారినప్పుడు చెడుతుంది. ఈ రెంటికీ తేడాను తేల్చే పరీక్ష ఒక్కటే: కాదని వెళ్లిపోయినవాడికి తరువాతి కరువులోనూ పని దొరుకుతుందా? దొరుకుతుందన్న నమ్మకం ఉన్నచోట విశ్వాసం స్వతంత్రం. లేనిచోట, ఎవరూ పైకి అడగకపోయినా, అది బందీ.

దానం, కూలి, వెట్టి

అన్నం ఊరికే పెట్టడం మేలా, పని చేయించి పెట్టడం మేలా? భగవద్గీత పదిహేడవ అధ్యాయం ప్రత్యుపకారం ఆశించని దానాన్ని సాత్త్వికమనీ, ఫలాపేక్షతో ఇచ్చేదాన్ని రాజసమనీ విభజించింది. ఈ ప్రమాణంతో చూస్తే పని తీసుకుని పెట్టిన తిండి సాత్త్విక దానం కాదు. లంకల గన్నవరంలో వేళాపాళా లేకుండా వచ్చినవారికల్లా అన్నం వడ్డించిన డొక్కా సీతమ్మది ఆ కోవకు చెందిన దానం.

అయితే దానం ఎంత నిర్మలమైనదైనా పుచ్చుకునేవాడి చేయి కిందనే ఉంటుంది. కూలిలో ఆ అసమానత తగ్గుతుంది. పని చేసినవాడు తనకు రావలసినదే తీసుకుంటున్నాడు. లక్నోలో 1784 నాటి కరువులో అసఫుద్దౌలా కట్టించిన ఇమాంబాడా గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. పేదరికంలో పడిన పెద్దింటివారు రాత్రిపూట ముఖాలు కనబడకుండా వచ్చి పనిచేసేవారట. దాత ఇవ్వడంలో సిగ్గు, వినయం ఉండాలని తైత్తిరీయోపనిషత్తు చెప్పినదానికి ఆ చీకటి ఒక రూపం.

కూలి గౌరవాన్ని నిలపాలంటే అది కూలిగా చాలినంత ఉండాలి. 1877లో రిచర్డ్ టెంపుల్ మద్రాసు రాజధానిలో కరువు పనులకు రోజుకు ఒక పౌను ధాన్యం, కొద్ది డబ్బు చాలునని నిర్ణయించాడు. ఆ తిండితో కష్టం చేసే మనిషి బతకలేడని వైద్యాధికారి కార్నిష్ ఎదురు చెప్పాడు. ఖర్చు తగ్గించడమే గురి అయినప్పుడు కరువు పని దానంకన్నా క్రూరం కాగలదని ఆ ఉదంతం చూపింది. పని పెట్టడం ఒక్కటే నైతికత కాదు. పనివాడు లక్ష్యమా, పనే లక్ష్యమా అన్నది చూడాలి.

మెదక్ కూలీల సంగతి తూచేటప్పుడు వారి ముందున్న ప్రత్యామ్నాయాన్నీ త్రాసులో వేయాలి. నిజాం తెలంగాణలో మాల, మాదిగలకు శ్రమ కొత్త కాదు, శ్రమకు ప్రతిఫలం కొత్త. దొర గడీలో, అధికారి మకాంలో, ఊరి చెరువు దగ్గర వెట్టి చేయడం పుట్టుకతో వచ్చిన బాధ్యతగా సాగుతుండేది. 1930లో ఇదే జిల్లా జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్రమహాసభ జరిగేనాటికి కూడా వెట్టి సజీవ సమస్య. ఆ నేపథ్యంలో, మోసిన రాయికి తిండి కొలిచి ఇవ్వడం ఆకలి తీర్చడంతో ఆగలేదు. శ్రమకు విలువ ఉందన్న భావాన్ని అది అనుభవంలోకి తెచ్చింది. స్వేచ్ఛ పూర్తిగా ఉందా లేదా అని అడిగితే లేదనే చెప్పాలి. నిన్నటికన్నా ఒక తలుపు ఎక్కువ తెరుచుకుందా అని అడిగితే తెరుచుకుందనే చెప్పాలి.

దీనితో దాతల పక్షం నిర్దోషమని తేలిపోదు. జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1797లో రాసిన నీతిశాస్త్ర గ్రంథంలో ఒక చేదు ప్రశ్న వేశాడు. ఉపకారం చేయగల సంపద చాలావరకు రాజ్యం చేసిన అన్యాయం వల్ల కొందరికి దక్కినదే అయినప్పుడు, ధనికుడు చేసే సాయాన్ని ఉపకారమని గర్వంగా చెప్పుకోవచ్చునా అన్నది ఆ ప్రశ్న. బ్రిటన్‌లోని భక్తులు పంపిన చందాలు వారి చెమట ఫలితమే కావచ్చు. కానీ ఆ బ్రిటన్ సమృద్ధిలో సామ్రాజ్యపు వాటా లేదనలేము. మెదక్ నేరుగా బ్రిటిష్ పాలనలో లేకపోయినా, నిజాం రాజ్యం దండుల ఖర్చు భరిస్తూ వచ్చినదే. తీసుకున్నదానిలో కొంత తిరిగి వచ్చినప్పుడు దానికి దానం అని పేరు పెట్టడంలో కాంట్ చెప్పిన సంకోచం అవసరం.

ఆనకట్టా, ఆలయమా

అన్నిటికన్నా కఠినమైన ప్రశ్న మరొకటి మిగిలింది. ఆకలిగొన్న జనంచేత కట్టించవలసింది ఆలయమేనా? అదే దశాబ్దంలో మెదక్ పొరుగున నిజాం ప్రభుత్వం పోచారం ఆనకట్ట కట్టించింది. అంతకు ముందే మంజీరపై ఘనపురం ఆనకట్ట వచ్చింది. ఆ రాళ్లు నీళ్లను ఆపాయి, నీళ్లు పొలాలకు పారాయి, మరుసటి కరువు తీవ్రతను కొంత తగ్గించాయి. చర్చి రాళ్లు ఆ పని చేయలేదు. రాతిబొమ్మల వేడుకలకు వేలు ధారపోసే దేశంలో పేదవాడి కంచం ఖాళీగా ఉండటాన్ని జాషువ ‘గబ్బిలం’లో నిలదీశాడు. ఆ నిలదీత ఒక మతపు కట్టడాలకే పరిమితమని అనుకోవడం ఆ కవికి అన్యాయం.

దీనికి సమాధానంగా ఆత్మకూ ఆకలి ఉంటుందని చెప్పి ఊరుకోవడం చాలదు. ఆనకట్ట చేయగల మేలు చర్చి చేయలేదని ఒప్పుకోవలసిందే. కానీ ప్రశ్నను మోసినవారి వైపు నుంచి చూస్తే మరో సంగతి తడుతుంది. ఆనకట్ట నీళ్లు భూమి ఉన్నవారి పొలాలకు పారాయి. తట్ట మోసినవారిలో చాలామందికి భూమి లేదు. ఊరి గుడిలోకి వారికి ప్రవేశం లేదు, గడీలో గడప దాటే వీలు లేదు. తాము కట్టిన కట్టడంలో తామే కూర్చోగల హక్కు వారికి దొరికిన చోటు, ఆ రోజుల్లో, ఆ చర్చి. కూర్చోవడానికి చోటు దొరకడం చిన్న విషయమని చోటు ఉన్నవారికి అనిపించవచ్చు. లేనివారికి అది మనిషిగా లెక్కకు రావడం.

ఆ చోటు వారికి తేలికగా దక్కలేదు. అధికారం చాలాకాలం ఆంగ్లేయుల చేతిలోనే ఉంది. అన్నం పెట్టినవారికీ తిన్నవారికీ మధ్య దూరం తరగలేదు. 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో వి. ఎస్. అజరయ్య ఈ దూరాన్నే ఎత్తి చూపాడు. మిషనరీల త్యాగాన్ని, ధనాన్ని గుర్తిస్తూనే, వాటికి మించి స్నేహాన్ని ఇమ్మని ఆయన కోరాడు. 1912లో దోర్నకల్ బిషప్ అయి తెలుగు పల్లెల మధ్యనే జీవితం గడిపిన ఆయన మాట మెదక్‌కూ వర్తిస్తుంది. స్నేహం సమానుల మధ్యనే సాధ్యం. దాత తన చేతిని కిందికి దించడంతో పాటు, తన ఆవరణ తాళంచెవులు కూడా అప్పగించినప్పుడే అది సిద్ధిస్తుంది. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి మెదక్ ఒక అధ్యక్ష మండలమైన తరువాత ఆ అప్పగింత క్రమంగా జరిగింది. ఆంగ్ల ఆవాసం తెలుగువారి సొంతమైంది. ఏటా క్రిస్మస్‌కు మతభేదం లేకుండా తరలివచ్చే జనం ఆ కట్టడాన్ని పరాయిదిగా చూడరు.

విశ్వాసం వెల

తిండి కోసం మతం మారారన్న నింద నేటికీ వినిపిస్తుంది. మనుమలు, మునిమనుమలు దాన్ని మోస్తున్నారు. ఈ నిందకు చట్టమే ఒక ఎదురు సాక్ష్యం సమకూర్చింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ మతం స్వీకరించిన దళితులకు షెడ్యూల్డు కుల హోదా లేదు. తెలుగు రాష్ట్రాలలో వారిని వెనుకబడిన తరగతుల ‘సి’ వర్గంలో చేర్చి, ఒక్క శాతం రిజర్వేషను ఇచ్చారు. అంటే విశ్వాసాన్ని బాహాటంగా ప్రకటించినవారు దానికి లౌకికమైన వెల చెల్లిస్తున్నారు. ప్రయోజనం కోసమే మతం మారినవారైతే ప్రయోజనం పోయిన నాడే వదలవలసింది. వదలని వారి సంఖ్య ఆ వాదాన్ని బలహీనపరుస్తుంది. అదే సమయంలో, హోదా కోల్పోతామన్న భయంతో విశ్వాసాన్ని దాచుకోవలసిన స్థితి కూడా అవసరాన్నీ అంతరాత్మనూ ముడిపెట్టడమే. మిషనరీని అడిగిన ప్రశ్నను రాజ్యాన్నీ అడగవలసి ఉంటుంది. ఉషస్తి గీత అందరికీ ఒకటే.

ముగింపు

పై విచారణ నుంచి మూడు ప్రమాణాలు తేలుతాయి. ఒకటి, ప్రాణావసరాన్ని తీర్చే సాయాన్ని అంతరాత్మకు సంబంధించిన నిర్ణయంతో ముడిపెట్టరాదు. పైకి ముడి లేకపోయినా, లేదన్న నమ్మకం పుచ్చుకునేవాడికి కలిగించడం దాత బాధ్యత. రెండు, ఆపదలో తీసుకున్న నిర్ణయాన్ని బట్టి పేదవాడి మనస్సును శంకించేవారు అదే కొలతతో ఋషినీ, పండితుణ్ణీ, ప్రభువునూ కొలవాలి. మూడు, శ్రమతో లేచిన కట్టడం మీద మొదటి నైతిక హక్కు శ్రమించినవారిది. కృతజ్ఞత ప్రవహించవలసింది ఒక్క దిక్కుకే కాదు. పాస్నెట్ పేరు నిలిచింది, హార్డింగ్ పేరు నిలిచింది. రాళ్లెత్తినవారి పేర్లు నిలవలేదు. ఆ ఆవాసం ఆకలిగొన్నవారిని బతికించిన మాట నిజమే. వారి చేతులు లేకుంటే ఆ ఆవాసమే నిలిచేది కాదన్న మాట అంతే నిజం.

అన్నం ఎవరి దయ మీదా ఆధారపడని రోజున ఈ ప్రశ్న సగం తీరుతుంది. కరువులో మనుషులు చనిపోయేది ధాన్యం లేక మాత్రమే కాదు, ధాన్యంపై వారికి హక్కు లేక అని అమర్త్యసేన్ 1981లో వివరించాడు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైనప్పుడు, కరువు పని ఉపకారం స్థాయి నుంచి హక్కు స్థాయికి మారింది. హక్కుగా వచ్చిన కూలికి కృతజ్ఞత చెప్పనక్కరలేదు, దాని వెనుక ఎవరి దేవుడూ ఉండనక్కరలేదు. అటువంటి కూలి తిన్న మనిషి ఏ గుడికి వెళ్లినా, ఏ చర్చికి వెళ్లినా, ఎక్కడికీ వెళ్లకపోయినా అది అతని సొంత నిర్ణయం. మెతుకుకూ మొక్కుకూ మధ్య ఆ ఎడం ఉంచగలగడమే మెదక్ చరిత్ర నేర్పే నీతి.